వలసల మీద చదువు, శిక్షణ: చెన్నైలో ఎక్కడ మొదలుపెట్టాలి?

పలాస_టు_పెరుంగుడి
అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్ళు. పెరుంగుడిలో ఒక కంపెనీలో డేటా పని చేస్తున్నాను, ఐదేళ్ళయింది. మాది శ్రీకాకుళం జిల్లా పలాస పక్కన పల్లె. నా చిన్నప్పటి నుంచి నాన్న సెంట్రింగ్ పనికి చెన్నై వచ్చి వెళ్తుండేవారు. ఇప్పుడు ఓఎంఆర్ రోడ్డు మీద బస్సులో పోతూ నేను చూసే బిల్డింగుల్లో ఏదో ఒకదానికి ఆయన చెక్కలు కొట్టే ఉంటారు. ఏ బిల్డింగో ఆయనకూ గుర్తు లేదు.

పోయిన నెల ఆఫీసు పనిలో భాగంగా 2011 జనగణన వలస పట్టికలు తెరవాల్సి వచ్చింది. వాటిలో మా ఇంటిని వెతికాను. పక్క ఊరి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన మా అమ్మ అందులో వలస మనిషి. ఏటా నాలుగైదు నెలలు ఇక్కడ పని చేసి తిరిగి ఇంటికి వచ్చే నాన్న మాత్రం లేరు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వలసల మీద పద్ధతిగా చదవాలని, వీలైతే ఆ విధానాల మీదే పని చేయాలని ఉంది. ఎంఏలో చేరాలా, ఆన్‌లైన్ కోర్సులు సరిపోతాయా, ఉద్యోగం మానాలా? ఈ రంగంలో ఉన్నవాళ్ళు, శిక్షణ తీసుకున్నవాళ్ళు మీ అనుభవం చెప్పండి. ఇంట్లో లోన్ ఉంది, అదొక టెన్షన్.

అడయారు_రీసెర్చ్
మీరు చూసింది నిజమే. జనగణన పుట్టిన ఊరు, అంతకుముందు ఉన్న ఊరు అడుగుతుంది. 2011లో దేశం మొత్తం మీద వలస వచ్చినవాళ్ళు దాదాపు 45 కోట్లు అని తేలింది. అందులో సగానికి దగ్గరగా కారణం పెళ్ళి. నాలుగు నెలలు పోయి వచ్చేవాళ్ళు ఆ ప్రశ్నలకు దొరకరు. అందుకే 2007-08 జాతీయ నమూనా సర్వేలో వాళ్ళ కోసం వేరే నిర్వచనం పెట్టారు: గడిచిన 365 రోజుల్లో పని కోసం కనీసం ఒక నెల, కానీ ఆరు నెలల లోపు బయట ఉన్నవాళ్ళు. మీ నాన్నగారు అందులో వస్తారు.

కోర్సుల సంగతి. చెన్నైలో వలసల మీదే నడిచే డిగ్రీ కోసం వెతకడం కంటే, వలసల మీద పని చేసే పరిశోధన గైడ్ ఎక్కడున్నారో చూసుకోవడం మంచిది. అడయారు గాంధీనగర్‌లోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను 1971లో మాల్కం ఆదిశేషయ్య గారు స్థాపించారు. గ్రామీణ ఆర్థికం, కూలీల మీద అక్కడ ఎన్నో ఏళ్ళుగా పని జరుగుతోంది. ఐఐటీ మద్రాసులో డెవలప్‌మెంట్ స్టడీస్ ఎంఏ ఉంది. లెక్కల మీద పట్టు కావాలంటే ముంబైలో జనాభా శాస్త్రాల సంస్థ ఐఐపీఎస్. విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళ మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1996 నుంచి నడుస్తున్న భారతీయ డయాస్పోరా కేంద్రం.

అన్నిటికంటే ముందు తిరువనంతపురం వాళ్ళ పని చదవండి. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్ గార్లు 1998లో కేరళ వలస సర్వే మొదలుపెట్టారు. అది ఆగకుండా మళ్ళీ మళ్ళీ జరిగింది. 2015లో తమిళనాడులో కూడా అదే దారిలో సర్వే చేశారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి పని వరుసగా పాతికేళ్ళు జరిగి ఉంటే ఈరోజు మీరు మీ నాన్నగారి కోసం పట్టికల్లో వెతుక్కోవాల్సిన అవసరం ఉండేది కాదు.

సిరుసేరి_సందేహం
అడ్డు చెప్పాలని కాదు గానీ, ఒక మాట అడుగుతాను. మా కజిన్ ఇలాంటి సర్టిఫికెట్లు మూడు తెచ్చుకుని, రెండేళ్ళు ఒక ప్రాజెక్టు తర్వాత ఇంకో ప్రాజెక్టు అంటూ తిరిగి, చివరికి బ్యాంకు పరీక్షలకు కూర్చున్నాడు. ఉద్యోగాలు ఎక్కడున్నాయి ఇందులో? లోన్ ఉన్న అమ్మాయికి నిజం చెప్పాలి కదా.

ఫీల్డ్_నోట్‌బుక్
సిరుసేరి అన్నా, మీ మాట న్యాయమే. ఉద్యోగాలు ఉన్నాయి, కానీ బోర్డు పెట్టుకుని లేవు. స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన సంస్థలు, కార్మిక శాఖల ప్రాజెక్టులు, ఐక్యరాజ్య సమితి ఏజెన్సీలు, పెద్ద కంపెనీల కోసం కాంట్రాక్టర్ల దగ్గర కూలీల పరిస్థితి తనిఖీ చేసే ఆడిట్ సంస్థలు, అంతే. చాలా వరకు ఒప్పంద ఉద్యోగాలే. మొదట్లో జీతం తక్కువ. నేను ఏడేళ్ళుగా ఇందులో ఉన్నాను, అంబత్తూరులో ఉంటాను. సగం కాలం తర్వాతి ఏడాది ఏమిటో తెలియకుండానే గడిచింది. ఇది దాచకూడదు.

ఇక చెల్లీ, నీకు నా మొదటి సర్వే సంగతి చెప్తాను. కోర్సుల గురించి నా అభిప్రాయం అంతా అందులోనే ఉంది.

ఎంఏ సోషల్ వర్క్ అయ్యాక ఒక సంస్థ తరఫున నగరం దక్షిణం వైపు లేబర్ షెడ్లలో సర్వేకి వెళ్ళాను. ఫారం ఇంగ్లీషులో తయారైంది, దాన్ని ఎవరో తెలుగులోకి మార్చారు. మొదటి ప్రశ్న: "మీరు వలస వచ్చారా?" ఆ షెడ్డులో 40 మంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ సోంపేట, కంచిలి, మందస వైపు వాళ్ళు. ఒక్కరూ అవునన్లేదు. "లేదమ్మా, మేం పనికొచ్చాం" అన్నారు. వలస అంటే వాళ్ళ దృష్టిలో ఊరు వదిలేసి, ఇల్లు మూసేసి పోవడం. వాళ్ళ ఇల్లు ఉంది, ఓటు ఉంది, రేషన్ కార్డు ఉంది, అమ్మవారి పండక్కి వెళ్తారు. వాళ్ళెందుకు వలస అవుతారు? ఫారం ప్రకారం ఆ ప్రశ్నకు లేదంటే మిగతా 30 ప్రశ్నలు అడగక్కర్లేదు. ఆ రోజు సాయంత్రానికి నా సంచీలో 40 ఖాళీ ఫారాలు. ఆ షెడ్డులో వలస కార్మికులు లేరని లెక్క!

రెండో రోజు ప్రశ్న మార్చుకుని వెళ్ళాను. అప్పుడు వేరే చిక్కు వచ్చింది. కారణం గడిలో 1 వేస్తే పని. ఒకాయన నాలుగెకరాల కొబ్బరి తోట ఉన్న మనిషి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు రావడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా తినాలి కదా, రాడ్ బెండింగ్ నేర్చుకుని వచ్చాడు. ఆయన పక్కన కూర్చున్న అబ్బాయి తండ్రికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఆ జబ్బు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆటో ఖర్చులకు, మందులకు చేసిన అప్పు తీర్చడానికి వచ్చాడు. ఇద్దరికీ నేను 1 వేశాను. పని. 2011 జనగణన జాబితా చూసినా అంతే: పని, వ్యాపారం, చదువు, పెళ్ళి, పుట్టాక తరలడం, కుటుంబంతో తరలడం, ఇతరం. తుపానుకు గడి లేదు, జబ్బుకు గడి లేదు. ఆ 1 చూసి ఎక్కడో ఒక గదిలో ఎవరో "వీళ్ళు ఎక్కువ కూలీ కోసం వచ్చారు" అని రాస్తారు, దాని మీద ఒక విధానం తయారవుతుంది.

చదువు వద్దని నా అర్థం కాదు. చదివితేనే ఆ 1 తప్పని నాకు తెలిసింది. రావెన్‌స్టీన్ 1885లో రాసిన వలస సూత్రాల నుంచి హారిస్, టొడారో 1970లో వేసిన నమూనా దాకా చదివితే, మనం వేసే ప్రతి గడి వెనకాల ఎవరో ఒకరి ఆలోచన ఉందని అర్థమవుతుంది. కూలీ తేడా చూసి మనిషి కదులుతాడన్నది ఒక ఆలోచన. కుటుంబం అంతా కలిసి ఆలోచించి, పంట పోయినా ఇల్లు గడవాలని ఒకణ్ణి బయటికి పంపిస్తుందన్నది 1980లలో బలపడ్డ ఇంకో ఆలోచన. తోట ఆయన రెండో దానికి దగ్గర. ఏ ఆలోచనతో వెళ్తే ఆ ప్రశ్నే అడుగుతాం. కాబట్టి చదువు, కానీ చదువుతూనే షెడ్డులో కూర్చో. ఒకటయ్యాక ఒకటి అనుకోకు.

ఆదోని_వాసి
అక్క చెప్పిన మాట చదివి ఆగలేక రాస్తున్నా. మా వైపు, ఆదోని, కోసిగి, మంత్రాలయం మండలాల్లో "సుగ్గికి పోయినారు" అంటారు. గుంటూరు మిరప కోతలకు, పత్తికి పిల్లలతో సహా లారీలెక్కి పోతారు, ఇళ్ళకు తాళాలు. బడిలో హాజరు పడిపోతుంది. మా అమ్మమ్మను వలస పోయావా అనడిగితే "సుగ్గికి పోతిమి, వలస ఎందుకు పోతాం" అంటుంది. పాలమూరు మిత్రుడు ఒకడు "బతకపోయిండు" అంటాడు. ఒక్క తెలుగులోనే ఇన్ని మాటలుంటే ఒక్క ఫారం ఎట్లా సరిపోతుంది? ఎవరైనా ఈ మాటలన్నీ ఊరు ఊరుకీ పోగేస్తే అదే పెద్ద పని. నేను కర్నూలు జిల్లా మాటలు ఇస్తాను.

కార్మిక_చట్టం
హైకోర్టులో ప్రాక్టీసు చేస్తాను, కార్మిక కేసులు ఎక్కువ. విధానం నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నాదొక సలహా: ఒక్క చట్టాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి. వ్యాసాలు, సారాంశాలు కాదు, చట్టమే.

1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చదివితే ఆశ్చర్యపోతారు. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, ప్రతి కార్మికుడికి ఫొటో ఉన్న పాస్‌బుక్ ఇవ్వాలి, నెల కూలీలో సగం ఊరు వదిలినందుకు భత్యంగా ఇవ్వాలి, రానూపోనూ ఛార్జీలు ఇవ్వాలి, ప్రయాణం చేసిన రోజులకూ కూలీ కట్టాలి. ఇన్నేళ్ళలో ఆ పాస్‌బుక్ చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చిన కార్మికుణ్ణి నేను చూడలేదు. ఎందుకని? ఆ చట్టం ప్రకారం కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడే వలస కార్మికుడు. ప్రమాదం జరగ్గానే "వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, నేను తేలేదు" అంటాడు మేస్త్రి. అక్కడితో కేసు సగం పోయినట్టే.

2020లో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేశారు. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. తనంతట తాను వచ్చినవాణ్ణి కూడా అందులో వలస కార్మికుడిగా గుర్తించారు, అది మంచి మార్పు. కానీ 5 మంది ఉంటే వర్తించేది ఇప్పుడు 10 మంది ఉంటేనే వర్తిస్తుంది. నెల జీతం 18,000 రూపాయలు మించకూడదన్న పరిమితి ఉంది. ఎనిమిది మందితో పని చేయించే చిన్న మేస్త్రి దగ్గర ఉన్నవాళ్ళ సంగతేమిటి? ఇలా రెండు చట్టాలు పక్కపక్కన పెట్టుకుని ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటికి పోయారు అని రాసుకోవడమే విధానం నేర్చుకోవడం. యువ లాయర్లకు నేనిచ్చే మొదటి పని ఇదే.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఎంతమంది ఉన్నారో మనలో చాలామందికి తెలుసు. నేను లేబర్ కేసుల వైపు వచ్చింది ఆ తర్వాతే.

పోరూరు_మాస్టారు
లాయరు గారూ, ఆ పేరు వినగానే మనసు కలుక్కుమంది. మా ఇల్లు అక్కడికి దగ్గరే. నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఆ వారం ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులకు తమిళంలో మాట్లాడటానికి తోడు వెళ్ళాను. ఫలానా ఊరి మనిషి అని చెప్పడానికి కూడా ఇద్దరు మధ్యలో ఉండాల్సి వచ్చింది. కాబట్టి అమ్మా, నీకు రెండు భాషలూ వస్తే అదే నీ మొదటి అర్హత. తమిళం చదవడం, రాయడం కూడా నేర్చుకో. కార్మిక సంక్షేమ బోర్డు దరఖాస్తు తమిళంలో చదవగలిగి, తెలుగులో విప్పి చెప్పగలిగిన మనిషి చెన్నైలో ఎంత అవసరమో నాకు తెలుసు. నేర్పడానికి నేను సిద్ధం, ఫీజు మాట ఎత్తొద్దు.

కడప_కువైట్
అందరూ నగరానికి వచ్చే వలస గురించి చెప్పారు. నేను రెండో వైపు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ముందస్తు అవగాహన తరగతులు చెప్పే పనిలో ఉన్నాను. మాది రాజంపేట దగ్గర. మా ఇంటి నుంచే ముగ్గురు ఆడవాళ్ళు కువైట్ వెళ్ళారు.

ఈ రంగంలో శిక్షణ అంటే రెండు రకాలు. చదువుకున్నవాళ్ళకు వలసల గురించి చెప్పేది ఒకటి, వెళ్ళేవాళ్ళకు చెప్పేది ఒకటి. మొదటి రకం బాగా వచ్చినవాళ్ళు రెండో రకంలో తడబడటం చూశాను. నేనూ అలాగే తడబడ్డాను. మొదటి తరగతిలో, పనికి విదేశాలు వెళ్ళేవాళ్ళ కోసం ఉన్న 1983 ఎమిగ్రేషన్ చట్టంతో మొదలుపెట్టాను. పది నిమిషాల్లో సగం మంది ఫోన్లు చూస్తున్నారు. ఒకామె లేచి, "అన్నా, నాది 20 నంబరా 18 నంబరా?" అంది. ఆమెకు ఇంటిపని వీసా వచ్చింది. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు 20, కంపెనీ ఉద్యోగానికి 18. ఏజెంటేమో ఆమెకు ఆసుపత్రిలో క్లీనింగ్ పని అని చెప్పాడు. ఆ ఒక్క అంకె మీద ఆమె బతుకంతా ఆధారపడి ఉంది. నా స్లైడుల్లో ఆ అంకె లేదు.

ఇప్పుడు తరగతి అక్కడి నుంచే మొదలుపెడతాను. వీసా కాగితం బయటికి తీయండి, నంబరు చూడండి, ఒప్పందంలో జీతం ఎంత రాసుందో చూడండి. ఆ తర్వాత డబ్బు. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మా వైపు ఎంత కట్టారో ఒక్కొక్కరినీ చెప్పమంటే తరగతి నిశ్శబ్దం అయిపోతుంది. తర్వాత ప్రవాసీ భారతీయ బీమా: రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. కాగితం ఇంట్లో ఎవరి దగ్గర పెట్టి వెళ్తున్నారు అని అడుగుతాను. చాలామంది పెట్టెలో పెట్టుకుని తీసుకుపోతుంటారు. ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్ళకు ఆధారం ఉండదు. పదో తరగతి పాస్ కానివాళ్ళకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వెళ్ళే ముందు తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతి, ఎందుకు అడుగుతారో, ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలని ఎందుకు పెట్టారో చివర్లో చెప్తాను, అప్పటికి వాళ్ళే అడుగుతారు.

చెన్నైలో ఆ క్లియరెన్స్ ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళతో ఒక పూట మాట్లాడితే ఎంత నేర్చుకుంటావో! అంతర్జాతీయ వలసల సంస్థ ఐఓఎం ఈ-క్యాంపస్‌లో ఉచిత కోర్సులున్నాయి, రాత్రి గంట చొప్పున చేయొచ్చు. కార్మిక వలసల మీద లోతుగా కావాలంటే ఇటలీలోని ట్యూరిన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ శిక్షణ కేంద్రం ఉంది. ఫీజు ఎక్కువ, సంస్థ పంపితే వెళ్ళేది అది. ఇప్పుడే దాని గురించి ఆలోచించకు.

పలాస_టు_పెరుంగుడి
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. మాస్టారూ, వచ్చే శనివారం నుంచి తమిళం మొదలుపెడతాను. ఉద్యోగం ఇప్పుడే మానడం లేదు. ఫీల్డ్ అక్కా, ఒకటి అడుగుతాను. "వలస వచ్చారా" అని అడగకూడదు సరే, మరి ఏమని అడగాలి?

ఫీల్డ్_నోట్‌బుక్
నెలలు అడుగు. ఇంగ్లీషు నెలలు కాదు, పండగల మధ్య కాలం అడుగు. సంక్రాంతికి ఎక్కడున్నారు, ఉగాదికి ఎక్కడ పడుకున్నారు, వినాయక చవితికి ఎక్కడ, దసరాకి ఎక్కడ. ఒక కాగితం మీద గీతలు గీసి వాళ్ళ ఎదురుగానే నింపు. వాళ్ళే సరిచేస్తారు. ముందు మీ నాన్నగారితో చేసి చూడు.

పలాస_టు_పెరుంగుడి
మూడు వారాలు అయింది. నాన్నతో చేశాను. ఫోన్లో కాదు, ఊరెళ్ళి. అరుగు మీద కూర్చుని కాగితం మీద గీతలు గీశాను. నేను పుట్టిన ఏడాది నుంచి మొదలుపెట్టాం. మొదట "చెన్నైలోనే ఉన్నానమ్మా" అన్నారు. పండగలు అడిగేసరికి ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. చెన్నై ఒక్కటే కాదు. విశాఖ, హైదరాబాద్, ఒక వేసవి బళ్ళారి. చెన్నైలోనే ఏడు చోట్ల. మొత్తం 14 షెడ్లు. నేను ఐదో తరగతి చదివే ఏడాది వినాయక చవితికి ఆయన ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నారట, చెయ్యి విరిగి. మాకు "పని ఎక్కువగా ఉంది, రాలేను" అని కబురు పెట్టారు. అమ్మకు కూడా ఈ మధ్య దాకా తెలియదు. మేస్త్రి 3,000 చేతిలో పెట్టి పంపేశాడు. లాయరు గారు చెప్పిన మాటే అన్నాడట: నువ్వే వచ్చావు కదా, నేను తేలేదు కదా.

ఆ కాగితం ఎక్సెల్‌లో ఎక్కించబోతే తెలిసింది, నాకు తెలిసిన ఏ పద్ధతిలోనూ అది ఇమడదు. ఒక వరుసకు ఒక మనిషి, ఒక ఊరు అని ఉంటుంది. ఇక్కడ ఒక మనిషికి 26 ఏళ్ళు, 14 షెడ్లు, ఐదు రకాల పనులు, నలుగురు మేస్త్రిలు. పండగను కాలానికి గుర్తుగా పెట్టి కొత్త పట్టిక కట్టాను. 2027 జనగణన వచ్చేలోగా మా ఊళ్ళో 30 ఇళ్ళకు ఇది చేయాలనుకుంటున్నాను. ఆదోని అన్నా, మీ సుగ్గి మాటలు పంపండి, దానికి ఒక వరుస పెట్టాను. రాత్రులు ఐఓఎం కోర్సు నడుస్తోంది, సగం అయింది.

ఫీల్డ్_నోట్‌బుక్
మేస్త్రి మాటకు కూడా ఒక గడి పెట్టు చెల్లీ. ఎవరు తీసుకొచ్చారు, ఏమని చెప్పి తీసుకొచ్చారు, దెబ్బ తగిలాక ఏమన్నారు. మూడూ వేరు వేరుగా. ఆదివారం పది గంటలకు మేడవాక్కం దాటాక ఒక షెడ్డు దగ్గరికి వెళ్తున్నాను, ఎక్కువమంది మందస వాళ్ళు. నీ కాగితాలు ఓ 20 ప్రింటు తీసుకుని రా. పెన్సిల్ తెచ్చుకో, పెన్ను వద్దు.